ఇస్తాంబుల్‌లో జరగని రెండో సగం

ముప్పై మూడేళ్ళు ఒక తెలుగు దినపత్రికలో స్పోర్ట్స్ సబ్‌ఎడిటర్‌గా పనిచేశాను. మొదట హైదరాబాద్‌లో, తర్వాత వరంగల్ ఎడిషన్‌లో. రిటైరైన తర్వాత కూడా డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, ఈ పనిలో ముఖ్యంగా ఏం నేర్చుకోవాలి సార్ అని అడుగుతుంటారు. వాక్యం చిన్నగా రాయండి, పేర్లు రెండుసార్లు చూసుకోండి అని చెప్తుంటాను. అది సగం జవాబే. మిగతా సగం ఫోన్లో చెప్పగలిగేది కాదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేశారు అన్నవి ఇందులో ఉండవు. క్రికెట్ కూడా ఉండదు. నాకు ఉద్యోగం నేర్పింది మన దగ్గర పదిమంది కూడా పట్టించుకోని ఒక కప్పు. యూరప్ దేశాల్లో గెలిచిన క్లబ్బులన్నీ కలిసి ఆడే ఫుట్‌బాల్ పోటీ అది. ఏడాదికోసారి ఏదో ఒక నగరంలో ఫైనల్ జరుగుతుంది. మా పేజీలో దానికి దక్కేది ఒక మూల, ఎనిమిదో పదో వాక్యాలు. ఆ మూలలో నేను రెండుసార్లు తప్పు చేశాను.

ఒకే కాగితం మీద రెండు వార్తలు

మొదటిది 1985లో. అప్పటికి నేను ట్రైనీని. ఆ ఏడాది ఫైనల్ బ్రస్సెల్స్‌లో, ఇటలీ జట్టుకూ ఇంగ్లండ్ జట్టుకూ.

మరునాడు పొద్దున డ్యూటీకి వెళ్ళేసరికి టెలిప్రింటర్ గదిలో ఎవరూ లేరు. యంత్రం దానంతటదే కొట్టుకుంటూ పోతోంది. కాగితం చుట్ట నేల మీదికి జారి, కుర్చీ కాళ్ళ చుట్టూ తిరిగి, గుమ్మం దాకా వచ్చింది. వంగి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేరాలో మ్యాచ్ స్కోరు. దాని కింద చనిపోయినవాళ్ళ సంఖ్య. మళ్ళీ మ్యాచ్, పెనాల్టీ ఎవరికి దొరికింది, గోలు ఎటువైపు పడింది. మళ్ళీ మృతులు, ఈసారి ఇంకో నలుగురు ఎక్కువ. మ్యాచ్ మొదలవకముందే స్టాండులో ఒకవైపు గుంపు ఇంకోవైపు దూసుకుపోయింది. జనం గోడకు నొక్కుకుపోయారు. గోడ కూలింది. ఆ తర్వాత, అదే మైదానంలో, అదే సాయంత్రం, మ్యాచ్ ఆడించారు.

ఆ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. తప్పు చదివానేమోనని మళ్ళీ చదివాను. ఆడించారు.

మా చీఫ్ సబ్ నరహరి గారు వచ్చి, స్కేలు పెట్టి కాగితాన్ని ముక్కలుగా చింపారు. "ఇవి ఫారిన్ పేజీకి. ఇవి నీకు. స్కోరు, గోలు, కప్పు. అంతవరకే రాయి."

"సార్, చనిపోయినవాళ్ళ సంగతి ఒక్క వాక్యమైనా..."

"అదక్కడ వస్తుందయ్యా. ఒకే వార్త రెండు చోట్ల ఎందుకు?"

ఆయన చెడ్డవారు కాదు. పేజీలు నడపాల్సిన మనిషి. నాకు తెలుగు దిద్దడం నేర్పింది ఆయనే. కానీ ఈ విషయంలో ఆయనది తప్పు, నాది అంతకంటే పెద్ద తప్పు. ఎందుకంటే కాగితం మొత్తం చదివింది నేను. ఎనిమిది వాక్యాలు రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇటలీ జట్టు పెనాల్టీతో గెలిచిందని, ఆటగాళ్ళు కప్పు అందుకున్నారని రాశాను. చదివితే అదొక మామూలు సాయంత్రం జరిగిన మామూలు ఆటలా ఉంటుంది.

మూడు సున్నా

రెండో తప్పు ఇరవై ఏళ్ళ తర్వాత, ఇస్తాంబుల్ ఫైనల్‌ది. అప్పటికి వరంగల్ ఎడిషన్‌లో స్పోర్ట్స్ పేజీ నా చేతిలో ఉంది. మళ్ళీ ఇటలీ, ఇంగ్లండ్ జట్లే. ఇటలీ నుంచి వచ్చింది వేరే క్లబ్బు. ఇంగ్లండ్ నుంచి మాత్రం బ్రస్సెల్స్‌లో ఆడిన అదే క్లబ్బు.

మన టైము ప్రకారం ఆట అర్ధరాత్రి దాటాక మొదలైంది. ఊళ్ళకు వెళ్ళే వ్యాన్ల కోసం మొదటి ప్రింటు ముందే వదలాలి. సగం ఆట అయ్యేసరికి ఇటలీ జట్టు మూడు సున్నాతో ముందుంది. పేజీ ఆపే వీలు లేదు. 'సగం ఆట ముగిసేసరికి' అని రాసి వదిలితే ఎవరూ తప్పుపట్టరు. నేనలా రాయలేదు. ఇటలీ జట్టే విజేత అని హెడ్డింగు పెట్టాను. కింద, 'రెండో సగంలో చెప్పుకోదగ్గదేదీ జరగలేదు' అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం రాసేటప్పటికి రెండో సగం మొదలు కూడా కాలేదు. టీవీలో ఖాళీ మైదానం కనబడుతోంది.

ఆ తర్వాత జరిగింది ఫుట్‌బాల్ చూసేవాళ్ళందరికీ తెలుసు. ఆరు నిమిషాల్లో ఇంగ్లండ్ జట్టు మూడు గోల్స్ కొట్టింది. చివరికి పెనాల్టీ షూటౌట్‌లో కప్పు గెలిచింది. సిటీ ప్రింటులో వార్త మార్చాను. వర్ధన్నపేట, పాలకుర్తి వైపు వ్యాన్లు అప్పటికే వెళ్ళిపోయాయి.

పొద్దున ఫోన్ మోగుతుందని ఎదురుచూశాను. మోగలేదు. రెండో రోజూ మోగలేదు. దిద్దుబాటు వేద్దామంటే మా ఎడిషన్ ఇన్‌ఛార్జి నవ్వాడు. "ఎవరన్న అడిగిండ్రా? అడగనిదానికి మనం పోయి చెప్పుడేంది?"

తిట్టే పాఠకుడంటే డెస్కులో అందరికీ భయం. నాకు ఆ వారంలో తెలిసింది వేరే భయం. వేల కాగితాలు, వందల ఊళ్ళు, జరగని ఆట అచ్చయి ఇంటింటికీ వెళ్ళింది. ఎక్కడా చిన్న చప్పుడు లేదు.

ఇన్నయ్య సార్ ఫైనల్స్

జూన్‌లో బడులు తెరిచాక ఒక ఉత్తరం వచ్చింది. వర్ధన్నపేట దాటాక లోపలికి ఉండే ఊళ్ళో ఒక మిషన్ స్కూలుంది. అక్కడి డ్రిల్లు సార్ ఇన్నయ్య రాశారు. 'మీ పత్రికలో వచ్చిన ప్రకారం ప్రతి ఏడాది ఫైనల్ మా పిల్లలతో ఆడిస్తాము. ఈసారి ఇస్తాంబుల్. ఆదివారం ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం మూడు గంటలకు. స్పోర్ట్స్ పేజీవారు దయచేసి రాగలరు.'

చదివి ఉత్తరాన్ని డ్రాయరులో పెట్టాను. మళ్ళీ తీశాను. ఆదివారం ఖమ్మం రోడ్డు బస్సెక్కాను.

ఇంకా వాన పడలేదు. మబ్బు కమ్మి గాలి ఆగిపోయిన మధ్యాహ్నం. ఇన్నయ్య సార్ బక్కపలచటి మనిషి, మెడలో విజిలు, చేతిలో మా పేపరు కత్తిరింపు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, అసలు సంగతి చెప్పారు. ఆయన చిన్నగా ఉన్నప్పుడు ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఒకాయన ఆ బడి నడిపేవారట. క్రిస్మస్‌కు పశులపాక నాటకం, గుడ్ ఫ్రైడేకు సిలువ మోయడం పిల్లలతో వేయించినట్టే, ఫైనల్స్ కూడా ఆడించేవారట.

"పారిస్‌ల జరిగిన మొట్టమొదటి ఫైనల్ కాన్నుంచి అన్ని ఆడించిండు సార్. గ్లాస్గో అంటే పోరగాళ్ళకు పండుగ, పది గోల్స్ గద. ఫాదర్ పోయినంక నేను ఆడిస్తాన. మాకు టీవీ లేదు. మీ పేపరే మాకు దిక్కు."

గ్రౌండు చుట్టూ ఊరివాళ్ళు చేరారు. చర్చి నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, పొలం నుంచి వచ్చిన కూలివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు. ఎవరూ మాట్లాడటం లేదు. ఆట చూడ్డానికి వచ్చిన జనంలా లేరు.

"ముందు బ్రస్సెల్స్ సార్. ఏటా దాంతోనే షురూ చేస్తం," అన్నారు ఇన్నయ్య సార్. విజిలు ఊదారు.

చిన్న తరగతుల పిల్లలు వరుసగా వచ్చి, గ్రౌండుకు ఒకవైపున్న కాంపౌండు గోడ పక్కన వెల్లకిలా పడుకున్నారు. చేతులు ఛాతీ మీద పెట్టుకుని కళ్ళు మూశారు. ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. నా వెనక ఒక ముసలమ్మ కొంగు తల మీదికి లాక్కుని గొణుగుతూ లెక్కపెడుతోంది. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. అక్కడ ఆగింది. ఎవరో ఒకాయన కాళ్ళ చెప్పులు విడిచాడు.

అప్పుడు పెద్ద పిల్లలు బంతితో వచ్చి ఆడటం మొదలుపెట్టారు.

పడుకున్నవాళ్ళలో ఒక్కరు కదల్లేదు. బంతి ఒకసారి వాళ్ళ మధ్యకు దొర్లింది. ఆడే పిల్లవాడు మెల్లగా ఇద్దరి మధ్య కాలు పెట్టి, బంతి తీసుకుని, వెళ్ళిపోయాడు. వాడి పాదం లేపిన దుమ్ము ఒక చిన్నపాప ముఖం మీద పడింది. ఆ పాప కళ్ళు తెరవలేదు, తుడుచుకోలేదు. తర్వాత పెనాల్టీ. గోలు. గెలిచిన పిల్లలు చేతులెత్తి కేకలేశారు. గోడ దగ్గర ముప్పై తొమ్మిది మంది అలాగే ఉన్నారు. విజిలు మోగాక గాని లేవలేదు.

నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. నేను రాసిన ఎనిమిది వాక్యాలు అదే వరుసలో నా ముందు ఆడారు, నేను వదిలేసినవాళ్ళ పక్కనే.

టీ తాగుతుంటే ఇన్నయ్య సార్ చెప్పారు. "బ్రస్సెల్స్ యేడు పేపర్ రాంగనే ఆటల పేజీ నేనే ఫాదర్‌కు చదివి వినిపించిన సార్. ఇటలీ గెల్సిందనంగనే ఆయన ఎగిరి గంతేసిండు. ఊరి పోరగాళ్ళందరికి చాక్లెట్లు పంచిండు. పగటాల్ల మా వంటామె మొగడు వేరే పేజీ చూపెట్టి, ఇదేంది సారూ, ఇంతమంది సచ్చిండ్రట గదా అన్నడు. ఫాదర్ ఇంక మాట్లాడలే. చర్చిలకు పోయి పొద్దుగూకేదాంక బయటికి రాలే. సచ్చినోళ్ళు ఆయన దేశపోళ్ళే ఎక్కువ. పంచిన చాక్లెట్ల సంగతి సచ్చిపోయేదాంక మర్వలే. అట్ల రాసినాయన ఎవలో గని, ఆయనకు సుత పిల్లలుంటరు గద సార్?"

నేను గ్లాసు కింద పెట్టాను. ఆ వార్త మీద రాసినవాడి పేరు లేదు. డెస్కులో రాసే వార్తలకు పేర్లుండవు. అది రాసింది నేనేనని ఇన్నయ్య సార్‌కు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేరు. మొదటిసారి ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఇస్తాంబుల్ మొదలైంది. మొదటి సగం చాలా బాగా ఆడారు. మొదటి నిమిషంలోనే గోలు, బ్రేకుకు ముందు ఇంకో రెండు, అన్నీ నేను రాసినట్టే. జనంలో మొదటిసారి నవ్వులు వినబడ్డాయి.

రెండో సగానికి విజిలు మోగింది. పిల్లలు ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. ఒకడు బంతిని పక్కవాడికి తోశాడు. వాడు ఇంకొకడికి తోశాడు. ఎవరూ పరిగెత్తలేదు. ఎవరూ గోలు వైపు వెళ్ళలేదు. వట్టికాళ్ళు దుమ్ములో ఆడే చప్పుడు మాత్రం వినబడుతోంది. ఇటలీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఉన్న పిల్లవాడు శూన్యంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఐదు నిమిషాలయింది, ఎనిమిదయింది.

"ఎందుకు సార్ ఇట్ల నడుస్తాండ్రు? ఆడుతలేరేంది?" అని అడిగాను.

ఆయన కత్తిరింపు చూపించారు. "రెండో సగంలో చెప్పుకోదగ్గదేదీ జరగలేదు. మీరు రాసిందే సార్. పేపర్ల లేనిది మేం కలుపం."

గడియారం చూసుకున్నాను. యాభై నాలుగో నిమిషం. ఒక పిల్లవాడు బంతిని ఇంకొకడికిచ్చాడు. యాభై ఆరు. అరవై. ఇస్తాంబుల్‌లో అక్కడ స్టేడియం మొత్తం లేచి నిలబడిన నిమిషాలవి. ఇక్కడ ఇరవై ఇద్దరు పిల్లలు, నేను రాసిన ఒక్క వాక్యం కోసం, నిద్రలో నడిచేవాళ్ళలా తిరుగుతున్నారు. ఊరంతా అది నిజమని చూస్తోంది. లేచి ఆపమని అరవాలనిపించింది. లేవలేదు. నలభై ఐదు నిమిషాలూ కూర్చున్నాను.

ఆట అయ్యాక గెలిచిన జట్టుకు ఇత్తడి చెంబు కప్పుగా ఇచ్చారు. ఆ ఇటలీ జట్టు గోలీది పాలకుర్తి, పేరు శ్రీకాంత్, హాస్టల్లో ఉంటాడు. ఆ చెంబును వాడు తల మీద పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చాడు. నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

దిద్దుబాటు

బస్సులో శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంటికి పోలేదు, నేరుగా ఆఫీసుకు వెళ్ళాను. మూడు వాక్యాల దిద్దుబాటు రాసి, ఇన్‌ఛార్జిని అడగకుండా, అన్ని ప్రింట్లలో వెళ్ళేలా పేజీలో పెట్టాను. తెల్లారి ఆయన నానా మాటలన్నాడు. అవి నాకు గుర్తు లేవు. గుర్తున్నది పది గంటలకు వచ్చిన ఫోన్.

"సార్, నేను ఇన్నయ్యను. దిద్దుబాటు చూసిన." వెనక ఎక్కడో బడి గంట కొట్టారు. "నిన్న మీరు కుర్చీల కూసున్నప్పుడు... అప్పటికే మీకెర్కనా?"

"ఎర్కనే సార్."

"మరి శాలువ ఎట్ల కప్పుకున్నరు?"

తప్పైంది సార్ అన్నాను.

"మొట్టమొదటి ఫైనల్ల, పారిస్‌ల, రెండు గోల్స్ ఎనుకవడ్డ జట్టే గెల్సింది. మీకు తెల్వదా? బార్సిలోనల ఆఖరి ఘడియల రెండు గోల్స్ కొట్టి గెల్సిండ్రని మీ పేపర్లనే రాసిండ్రు. సగం ఆటకాడ ఎవలన్న రాస్తరా సార్?"

తెలుసు. బార్సిలోనా వార్త రాసింది కూడా నేనే. అంతా తెలిసిన మనిషి చేసిన తప్పు ఇది. కొత్తగా వచ్చేవాళ్ళు ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. తెలియక చేసే తప్పులు ఎవరో ఒకరు పట్టుకుంటారు. తెలిసి, తొందరలో, ఎవరూ చూడరులే అని చేసే తప్పులు అచ్చయి నిజాలైపోతాయి. వాటిని పట్టుకునేవాళ్ళు ఉండరు, నమ్మేవాళ్ళే ఉంటారు.

"ఆదివారం రాండ్రి," అన్నారు ఇన్నయ్య సార్. "డెబ్బై నాలుగుల ఫైనల్ రెండుసార్లు ఆడిండ్రు. మళ్ళ ఆడుడు కొత్తేం గాదు. ఈసారి నిమిషాలు మీరే చెప్పాలె."

వెళ్ళాను. ఈసారి కుర్చీ వేయలేదు. గీత పక్కన నిలబడి, జేబులో కాగితం, చేతిలో గడియారం పట్టుకున్నాను. రెండో సగం ఒక్కటే ఆడించారు. జనం మొన్నటికంటే ఎక్కువ వచ్చారు. దిద్దుబాటు మాట ఊరంతా పాకింది. వాళ్ళు గ్రౌండు వైపు చూడటం లేదు, నా వైపు చూస్తున్నారు.

"యాభై నాలుగు," అన్నాను. మళ్ళీ గట్టిగా చెప్పాను. ఒకడు తలతో గోలు కొట్టాడు. శ్రీకాంత్ వెనక్కి తిరిగి బంతిని చూశాడు. "యాభై ఆరు," అన్నాను. దూరం నుంచి ఇంకో గోలు. "అరవై. పెనాల్టీ. గోలీ ఆపుతాడు. తిరిగొచ్చిన బంతిని మళ్ళీ కొడతారు, అది గోలు."

పిల్లవాడు పెనాల్టీ కొట్టాడు. శ్రీకాంత్ పక్కకు దూకి ఆపాడు. కానీ బంతిని వదల్లేదు. రెండు చేతులతో పొట్టకు అదుముకుని, మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. పోయిన ఆదివారం చెంబు తల మీద పెట్టుకుని ఊరంతా తిరిగిన పిల్లవాడు.

"ఇడువు బిడ్డా," అన్నారు ఇన్నయ్య సార్. "అది చేతిలకెల్లి జారింది. అట్లనే అయింది."

వాడు ఇడవలేదు. గ్రౌండంతా ఆగిపోయింది. మబ్బు కింద గాలి కూడా లేదు. వాడు తలెత్తి నన్ను చూశాడు.

"మొన్న గెల్సినమని మీరే రాసిండ్రట గద. ఇదన్న నిజమేనా సార్?"

"నిజమే," అన్నాను.

వాడు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా ఇన్నయ్య సార్ వైపు తిరిగాడు. ఆయన తలూపారు. అప్పుడు గాని వాడు చేతులు విప్పలేదు.